పదిహేను పైసల ప్రిన్సిపల్

మారతహళ్ళి నుంచి మున్నేకొళాల వైపు పోయే సందులో ఒక జిరాక్సు షాపుంది. ఒక మానిటరు, రెండు ప్రింటర్లు, పైన ఒక ఫ్యాను, ఆ ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా వాటి మీద ఒక స్టేప్లరు. కుర్రాడిది మదనపల్లె పక్క. కన్నడం వాళ్ళతో కన్నడం, హిందీ వాళ్ళతో హిందీ, మన మొహం చూడగానే తెలుగు. ఇల్లు మారుతున్నాను, పదకొండు నెలల అద్దె అగ్రిమెంటు కావాలి. "ఈ నెంబరుకి వాట్సాప్ చెయ్యన్నా" అని గోడకి అంటించిన కాగితం చూపించాడు. ఆధార్, పాన్ ఫొటోలు పంపి, మానిటరు వైపు చూశాను.

సగం బెంగళూరు అక్కడే ఉంది. ఎవరిదో జీతం స్లిప్పు. ఎవరిదో పాస్‌పోర్టు మొదటి పేజీ. ఒక పసిబిడ్డ జనన ధ్రువపత్రం. ఒకాయన షుగరు రిపోర్టు, భోజనం తర్వాత 286. ఆయనెవరో నాకు తెలియదు గానీ, కనిపిస్తే అన్నం తగ్గించమని చెప్పాలనిపించింది. కుర్రాడు మౌసు చక్రం తిప్పుతూ ఒక్కొక్కరి బతుకునీ పైకి, కిందికి జరుపుతున్నాడు. "నీది యాదన్నా? ఇదేనా? ఈయన గాదా?"

"ఇవన్నీ ఎప్పటికప్పుడు తీసెయ్యవా తమ్ముడూ?"

"తీసేస్తే రేపొచ్చి ఇంకో కాపీ ఇయ్యమంటారు గదన్నా. అప్పుడు యాడ నుంచి తెచ్చేది?"

ఈ ముక్కనే అవుటర్ రింగు రోడ్డు పక్కన అద్దాల మేడలో లాయరు రాస్తే ముప్పై పేజీల డేటా రిటెన్షన్ పాలసీ అవుతుంది. ఆ సంగతి నాకు బాగా తెలుసు. అలాంటి మేడలోనే ఒక మధ్యరకం కంపెనీలో డాక్యుమెంట్లు రాసుకుని బతుకుతున్నాను. మా ప్రైవసీ పాలసీ రాసింది నేనే. రాశానంటే, మరో కంపెనీది దించి పేర్లు మార్చాను. ఐదో పేరాలో ఆ కంపెనీ పేరు మూడు నెలలు అలాగే ఉండిపోయింది. చదివినవాడు ఒక్కడూ లేడు గనక పరువు దక్కింది.

ఈ ఊళ్ళో అందరూ చదరపు అడుగు ధర అడుగుతారు, అడ్వాన్సు ఎన్ని నెలలని అడుగుతారు. మనిషి ధర ఎవరూ అడగరు. షాపులో నా వంతు వచ్చేలోగా నేను లెక్కేశాను.

2020 అక్టోబరులో ఈ ఊరి ఆన్‌లైన్ కిరాణా సంస్థ బిగ్‌బాస్కెట్ ఖాతాదారుల వివరాలు బయటికి పోయాయి. సుమారు 2 కోట్ల మందివి. పేర్లు, ఈమెయిళ్ళు, ఫోన్ నెంబర్లు, ఇంటి చిరునామాలు, పుట్టినరోజులు. డార్క్ వెబ్‌లో ఆ మూట 40 వేల డాలర్లకు, అంటే 30 లక్షల రూపాయలకు అమ్మకానికి ఉందని నవంబరులో సైబుల్ అనే భద్రతా సంస్థ బయటపెట్టింది. 30 లక్షల్ని 2 కోట్లతో భాగించండి. తలకి పదిహేను పైసలు. నేను వాళ్ళ ఖాతాదారుణ్ణా కాదా అన్నది ఇక్కడ అప్రస్తుతం. టమాటాలాగే మార్కెట్ రేటు అందరికీ ఒకటే.

పదిహేను పైసలంటే అవమానం ఒక్కటే కాదు, ఇబ్బంది కూడా. పావలా 2011 జూన్ 30తోనే చెలామణి నుంచి పోయింది. ఇప్పుడు చెల్లే నాణేల్లో చిన్నది అర్ధరూపాయి. విడిగా ఒక మనిషిని కొనాలంటే చిల్లర దొరకదు. అందుకే కాబోలు టోకున అమ్ముతారు. కూరగాయల బండి దగ్గర కొసరుగా కరివేపాకు రెబ్బ వేస్తారు చూడండి, ఆ రెబ్బకు మనకంటే గిరాకీ ఎక్కువ. పోనీ ఆ ధరైనా నిలిచిందా అంటే అదీ లేదు. 2021 ఏప్రిల్‌లో షైనీహంటర్స్ అనే హ్యాకర్ల ముఠా అదే మూటని ఉచితంగా పంచిపెట్టింది. ఆరు నెలల్లో పదిహేను పైసల మనిషి సున్నాకి దిగాడు. షోరూము నుంచి బయటికొచ్చిన కారు కూడా అంత వేగంగా విలువ పోగొట్టుకోదు.

పిల్లలకు పోటీ పరీక్షల పాఠాలు చెప్పే అన్‌అకాడమీదీ ఈ ఊరే. 2020 మేలో దాని ఖాతాదారుల రికార్డులు 2 కోట్ల పైచిలుకు 2 వేల డాలర్లకు అమ్మకానికొచ్చాయి. లక్షన్నర రూపాయలు. తలకి పైసా కూడా రాదు, పైసాలో మూడింట రెండు వంతులు. పోయింది 1.1 కోట్ల మందివేనని సంస్థ సవరించింది. ఆ లెక్కన తలకి పైసా, మీద ఇంకో మూడో వంతు పడుతుంది. విద్యార్థి విలువ పెంచిన సంస్థగా దాన్ని గుర్తించాలి.

మరి ఇలాంటప్పుడు కంపెనీ ఏం చేస్తుంది? ప్రకటన చేస్తుంది. వెనకటికి తపాలా ఆఫీసులో శుభాకాంక్షల టెలిగ్రాములకు నెంబర్లుండేవి. పెళ్ళికో నెంబరు, పండక్కో నెంబరు. నెంబరు చెబితే చాలు, అవతల చక్కటి వాక్యం అచ్చయి చేరేది. డేటా పోయినప్పుడు ఇచ్చే ప్రకటనలు కూడా అంతే. 'మీ సమాచార భద్రతే మాకు అన్నిటికన్నా ముఖ్యం', ఒకటో నెంబరు. 'కార్డు వివరాలు మేం దాచుకోం', రెండో నెంబరు. 'ఆందోళన చెందాల్సిన పని లేదు', మూడు. 'నిపుణులతో విచారణ జరుపుతున్నాం', నాలుగు. విడిగా రాయడం దండగ, ఒకటి-మూడు-నాలుగు అని ట్వీటు వేస్తే సరిపోతుంది. ఆ టెలిగ్రాముని 2013 జులైలో ప్రభుత్వం మూసేసింది. పేరు మాత్రం బతికే ఉంది. 2024లో చెన్నై స్టార్ హెల్త్ బీమా కంపెనీ ఖాతాదారుల వైద్య వివరాలు టెలిగ్రామ్ యాప్‌లో చాట్‌బాట్‌ని అడిగితే చాలు, చేతికొచ్చాయి. పాత టెలిగ్రాము చావు కబురు తెచ్చేది. కొత్తది మన జబ్బు కబురు పక్కింటివాడికి చెబుతుంది.

ప్రకటన కూడా ఎప్పుడిస్తారన్నది చూడండి. చెల్లింపులు నడిపే బెంగళూరు సంస్థ జస్‌పే మీద దాడి జరిగింది 2020 ఆగస్టు 18న. ఎప్పుడో తీసెయ్యాల్సిన పాత క్లౌడ్ తాళంచెవి ఒకటి మిగిలిపోయి, దానితో దొంగలు లోపలికొచ్చారు. కొన్ని అంకెలు కప్పేసిన కార్డుల రికార్డులు 3.5 కోట్లు పోయాయి. మామూలు జనానికి తెలిసింది 2021 జనవరిలో, అదీ ఒక స్వతంత్ర పరిశోధకుడు గోల చేశాక. ఇదేమిటయ్యా అంటే, మా వ్యాపార భాగస్వాములకు అదే రోజు చెప్పాం అన్నారు. నిజమే అయ్యుండొచ్చు. దొంగలు పడ్డ సంగతి దుకాణదారులకు ఆరోజే తెలిసింది, సొమ్ముగలవాడు మాత్రం పేపర్లో చదువుకున్నాడు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయని సామెత. ఇక్కడ నాలుగున్నర నెలలకే మొరిగాయి. సామెతను ఆరు వారాల తేడాతో ఓడించారు. ఐటీ రాజధాని వేగం అంటే అది.

తప్పు వాళ్ళదనడానికి కూడా లేదు. ఎందుకంటే చట్టం వాళ్ళని అడగనే లేదు. దాడి జరిగితే ఆరు గంటల్లోగా ఢిల్లీలోని ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి చెప్పాలని 2022 ఏప్రిల్ 28న ఆదేశాలొచ్చాయి. ఆరు గంటలు! సిల్కు బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్న సెక్యూరిటీ ఆఫీసరుకి ఒక్కోసారి ఇల్లు చేరడానికే అంత పట్టేలా ఉంటుంది. ఢిల్లీకి చెప్పాలి సరే, పోగొట్టుకున్న మనిషికి? ఆ ఆదేశాల్లో అతని ఊసే లేదు. పోనీ మనమే ఢిల్లీని అడుగుదామంటే, 2023 నవంబరులో సెర్ట్-ఇన్‌ని సమాచార హక్కు చట్టం పరిధి నుంచి తప్పించారు. కంపెనీ వాళ్ళ చెవిలో చెబుతుంది, వాళ్ళు ఎవరికీ చెప్పరు. కడుపులో దాచుకునే పెద్దమనిషి అంటారే, ఆ తరహా.

ఇక కొత్త చట్టం. 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం. ఇందులో నాకు ఒక హోదా దక్కింది. నేను 'డేటా ప్రిన్సిపల్'. మా ఇంట్లో ఇంతవరకూ హెడ్మాస్టరు కూడా లేరు. మా అమ్మకు ఫోన్ చేసి చెబితే, కాలేజీ ఎక్కడ అని అడిగింది. కాలేజీ లేదమ్మా, పదవి మాత్రమే అన్నాను. నా డేటా పుచ్చుకున్న కంపెనీకి చట్టంలో పేరు 'డేటా ఫిడ్యూషియరీ'. తెలుగులో చెప్పాలంటే ధర్మకర్త. దేవుడి నగలు చూసుకునే ధర్మకర్త ఎలాగో, నా ఫోన్ నెంబరు చూసుకునే ధర్మకర్త అలాగన్నమాట. చదవగానే కళ్ళు చెమర్చాయి. మీగడ తరక తీసి చూస్తే అసలు రుచి తెలుస్తుంది.

ధర్మకర్త అజాగ్రత్త వల్ల నగలు పోయాయి. జరిమానా 250 కోట్ల దాకా. పోయాయని చెప్పకపోతే 200 కోట్ల దాకా. భేష్. ఆ డబ్బు ఎవరికి? భారత సంచిత నిధికి. అంటే నగలు దేవుడివి, జరిమానా దేవాదాయ శాఖది. దేవుడికి? ఒక పువ్వు కూడా లేదు. ఈ చట్టంలో నష్టపరిహారం అనే మాట నాకోసం రాయలేదు. సివిల్ కోర్టుకు పోదామంటే 39వ సెక్షను తలుపు మూసింది. ఈ చట్టం పెట్టిన డేటా పరిరక్షణ బోర్డు దగ్గరికి పోదామంటే, ముందు ఆ ధర్మకర్తకే మొరపెట్టుకుని రమ్మంటుంది 13వ సెక్షను. వెనకటి ఐటీ చట్టంలో 43ఎ అని ఒక సెక్షనుంది. అజాగ్రత్తగా ఉన్న కంపెనీ నష్టపోయిన మనిషికి పరిహారం చెల్లించాలనేది. ఉన్న ఆ ఒక్క పిలకనీ కొత్త చట్టం 44వ సెక్షను కత్తిరించేస్తోంది.

అసలు ఆ 43ఎ పుట్టింది కూడా మనకోసం కాదులెండి. 2005లో పుణే కాల్ సెంటరు ఉద్యోగులు కొందరు అమెరికా సిటీబ్యాంకు ఖాతాదారుల డబ్బు కాజేశారు. 2006లో బెంగళూరు హెచ్ఎస్‌బీసీ సెంటరు నుంచి బ్రిటన్ ఖాతాదారుల వివరాలు పోయాయి. తెల్లవాళ్ళు బెదిరి పని వెనక్కి తీసుకుపోతారేమోనని ఇక్కడ గుండెలు జారాయి. ఆ గోలంతా అయ్యాక 2008 సవరణల్లో 43ఎ వచ్చింది, 2009 అక్టోబరులో అమలైంది. చుట్టాల కోసం వండిన కూర మనకూ ఇంత వడ్డించారు. ఇప్పుడు గిన్నె కడిగేస్తున్నారు. ఆ కూర కూడా తిన్నవాళ్ళు తక్కువ. ఫిర్యాదు మీద రాష్ట్ర ఐటీ కార్యదర్శి తీర్పివ్వాలి. దాని మీద అప్పీలుకు సైబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ ఉండేది. 2011 జూన్‌లో దాని అధ్యక్షుడు రిటైరయ్యాడు. 2017లో మరో ట్రిబ్యునల్‌లో కలిపేసేదాకా ఆ కుర్చీ ఖాళీ. సైబర్ యుగమని దేశమంతా డప్పు కొట్టుకుంటున్న ఆరేళ్ళూ సైబర్ న్యాయస్థానంలో జడ్జి లేడు. దేశంలో తొలి సైబర్ క్రైమ్ పోలీస్ స్టేషను 2001లో పెట్టింది ఈ ఊళ్ళోనే. ముందు పుట్టిన చెవులున్నాయి, వెనక రావాల్సిన కొమ్ములే మొలవలేదు.

జరిమానాల పట్టికలో అన్నిటికన్నా నాకు నచ్చింది 10 వేల రూపాయల వరస. అది కంపెనీకి కాదు, నాకు. ప్రిన్సిపల్‌గా నాకు కొన్ని విధులున్నాయి. తప్పుడు ఫిర్యాదులు, పసలేని ఫిర్యాదులు చెయ్యకూడదు. చేస్తే 10 వేల దాకా చెల్లించాలి. నగలు పోయినందుకు దేవుడికి వచ్చేది సున్నా. పోయాయని గట్టిగా అరిస్తే, ఆ అరుపు పసలేనిదని తేలితే, విగ్రహానికి 10 వేలు. నా ధర పదిహేను పైసలు గదా, 10 వేలు కట్టాలంటే నన్ను నేను 66 వేల 666 సార్లు అమ్ముకోవాలి, ఆ తర్వాత కూడా పది పైసలు తక్కువ పడుతుంది.

ఈ గోప్యత హక్కు అన్నది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. ఈ ఊరి ముసలాయన ఒకరు కొట్లాడి తెచ్చారు. కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి. తెలుగువాళ్ళకు ఈ పేరు కొత్త కాదు. కాపుల రిజర్వేషన్ల చర్చ వచ్చినప్పుడల్లా వినిపించే పుట్టస్వామి కమిషన్ ఆయనదే. 2012లో, ఎనభై ఆరేళ్ళ వయసులో, ఆధార్ మీద సుప్రీంకోర్టుకెళ్ళారు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. చట్టం ఎలా ఉండాలో చెప్పమని ప్రభుత్వం అప్పటికే జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిటీని వేసి ఉంది. ఈయనా మనకు తెలిసిన మనిషే. 2010 చివర్లో తెలంగాణ సమస్యకు ఆరు మార్గాలు చూపించిన శ్రీకృష్ణ. డేటాకి మాత్రం ఒకే మార్గం చూపించారు, 2018 జులైలో ముసాయిదాతో సహా. ఆరు చూపిస్తే ఏదో ఒకటి ఎంచుకున్నారు గానీ, ఒకటే చూపిస్తే ఢిల్లీకి దిక్కుతోచలేదు. 2019లో బిల్లు పెట్టారు, సంయుక్త కమిటీకి పంపారు, 81 సవరణలు వచ్చాయి, 2022 ఆగస్టులో బిల్లునే వెనక్కి తీసుకున్నారు. మళ్ళీ రాశారు. 2023లో చట్టమైంది. అమలు కాలేదు. 2024 అక్టోబరులో, 98 ఏళ్ళ వయసులో, పుట్టస్వామి బెంగళూరులో కన్నుమూశారు. అప్పటికీ చట్టం గెజిట్లో పడుకునే ఉంది.

2025 నవంబరులో నియమాలొచ్చాయి, అమలు మొదలైంది. ఏది ముందు మొదలైందో చూడాలి. బోర్డు ఏర్పాటు, నిర్వచనాలు వగైరాలతో పాటు తక్షణం అమల్లోకి వచ్చింది సమాచార హక్కు చట్టానికి చేసిన సవరణ. అధికారి వివరం అడిగితే 'వ్యక్తిగత సమాచారం' అని చెప్పి పంపెయ్యడానికి వీలు కల్పించే సవరణ. అంటే ప్రభుత్వోద్యోగి గోప్యత ఆరోజే మొదలు. నా గోప్యత? కంపెనీలు నా డేటా భద్రంగా ఉంచాలి, పోతే నాకు చెప్పాలి అన్న సెక్షన్లకు నోటిఫికేషన్ ఇచ్చిన గడువు పద్దెనిమిది నెలలు. 2027 మే. అందాకా దొంగలు కూడా కాస్త ఓపిక పడతారని ఆశిద్దాం. అప్పుడైనా స్టార్టప్‌లకు కొన్ని బాధ్యతల నుంచి మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్రానికుంది, 17వ సెక్షను. నాకు నోటీసివ్వడం, పని అయ్యాక నా వివరాలు చెరిపెయ్యడం లాంటివి అందులో ఉన్నాయి. కోరమంగళలో స్టార్టప్ కానిది ఏదైనా ఉంటే చూపించండి, టీ కొట్టు కూడా రెండో విడత పెట్టుబడి కోసం చూస్తోంది.

ఈ పద్దెనిమిది నెలల్లో కంపెనీలు ఏం చేస్తున్నాయని మీరు అడగొచ్చు. సెమినార్లకెళ్తున్నాయి. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు కావాలన్నట్టు కన్సల్టెంట్లు దిగారు. మా కంపెనీ తరఫున నేనూ ఒక దానికి వెళ్ళాను, ఎంజీ రోడ్డు దగ్గర పెద్ద హోటల్లో. అంశం: సమ్మతి లేకుండా డేటా సేకరించరాదు. వాకిట్లో బల్ల, బల్ల మీద ఒక గాజు గిన్నె, గిన్నెలో విజిటింగ్ కార్డులు. "సర్, లక్కీ డ్రా ఉంది, కార్డు వెయ్యండి" అంది అమ్మాయి. నా ఫోన్ నెంబరు ఎందుకు తీసుకుంటున్నారు, ఎన్నాళ్ళుంచుకుంటారు అని అడుగుదామనుకున్నాను. బహుమతి బ్లూటూత్ స్పీకరు. కార్డు వేశాను. లోపల మధ్యాహ్నం దాకా పవర్‌పాయింట్. మర్నాటి నుంచి వారం రోజులు నాకు పర్సనల్ లోన్ ఫోన్లు. స్పీకరు రాలేదు.

సమ్మతి నోటీసు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో ఏది కావాలన్నా ఇవ్వాలట. తెలుగు నోటీసు బాధ్యత సహజంగానే నా నెత్తిన పడింది. ఎందుకొచ్చిన శ్రమ అని మా మేనేజరు ముందే యంత్రంతో తర్జుమా చేయించి పెట్టాడు. అందులో కుకీలు బిస్కట్లయ్యాయి. 'మీరు మా బిస్కట్లను అంగీకరిస్తే మీ ప్రవర్తనను గమనిస్తాం' అని వచ్చింది. దిద్దబోయి ఆగాను. ఇన్నేళ్ళలో నేను చదివిన ప్రైవసీ నోటీసుల్లో ఇంత నిజాయితీగా చెప్పింది మరొకటి లేదు.

రిస్కు అన్న మాటకి మా మేడలో వేరే అర్థముంది. ఎక్సెల్‌లో ఒక రిజిస్టరు ఉంటుంది. పెద్ద ప్రమాదం ఎరుపు, మధ్యరకం పసుపు, భయం లేనిది ఆకుపచ్చ. 'పాత ఉద్యోగుల పాస్‌వర్డ్‌లు ఇంకా పనిచేస్తున్నాయి' అన్న వరస రెండేళ్ళు ఎర్రగా ఉండింది. బోర్డు మీటింగు ముందు దాని పక్కన 'రిస్కు అంగీకరించబడింది' అని రాశారు. ఆకుపచ్చ అయిపోయింది. పాస్‌వర్డ్‌లు అలాగే ఉన్నాయి. ఏటా భద్రతా శిక్షణ అని ఒక వీడియో, పది ప్రశ్నలు. జవాబులు మా వాట్సాప్ గ్రూపులో పిన్ చేసి ఉంటాయి. అందరికీ నూటికి నూరు. అనుమానాస్పద లింకుల మీద నొక్కరాదన్న పాఠానికి వెళ్ళే లింకు కూడా ఎవరో తెలియని చిరునామా నుంచే వచ్చింది. అందరం నొక్కాం.

ఇక బాధ్యత. చట్టం ప్రకారం పని బయటివాళ్ళకిచ్చినా జవాబుదారీ మాత్రం ధర్మకర్తదే. కాబట్టి ఒప్పందాలు తిరగరాస్తున్నారు. కంపెనీ వెండరు మీద తోస్తుంది, వెండరు ఉపవెండరు మీద, వాడు క్లౌడ్ మీద. ప్రతి ఒప్పందంలోనూ చివర ఒక గీత: మా పూచీ పన్నెండు నెలల ఫీజుకి మించదు. ఆ పైన బీమా. దేవుడి పెళ్ళికి అందరూ పెద్దలే, నగల పెట్టె పోయినప్పుడు మాత్రం తాళంచెవి నా దగ్గర లేదనేవాళ్ళే అందరూ.

ఏం, పట్టుకోవాలంటే పట్టుకోలేరా? 2025 జులైలో క్రిప్టో సంస్థ కాయిన్‌డీసీఎక్స్‌లో 4.4 కోట్ల డాలర్లు, సుమారు 379 కోట్ల రూపాయలు, మాయమయ్యాయి. సంస్థ వైట్‌ఫీల్డు సైబర్ పోలీసులకు ఫిర్యాదు చేసింది. కొద్ది రోజుల్లోనే ఒక ఉద్యోగిని అరెస్టు చేశారు. చాటుమాటు చిల్లర పని ఇస్తామని ఎవరో ఆశపెట్టి అతని ఆఫీసు లాప్‌టాప్‌లోకి దూరారన్నది పోలీసుల కథనం. చూశారా, పోయింది కంపెనీ డబ్బయితే అడుగుజాడలు దొరుకుతాయి, లాగ్‌లు మాట్లాడతాయి, జీపు కదులుతుంది. పోయింది జనం డేటా అయితే 'విచారణ జరుగుతోంది', నాలుగో నెంబరు.

జనం డేటా ఎటు పోతుందో తెలియనిదేం కాదు. 2023లో సైబరాబాద్ పోలీసులు ఫరీదాబాద్ కేంద్రంగా డేటా అమ్ముతున్న ఒకణ్ణి పట్టుకుంటే, అతని దగ్గర 66.9 కోట్ల మంది వ్యక్తుల, సంస్థల వివరాలు దొరికాయన్నారు. 104 రకాలుగా సర్ది పెట్టుకున్నాడట. మా కంపెనీలో ఫైళ్ళు అంత శుభ్రంగా ఉండవు. ఆ సరుకే చేతులు మారి మారి, ఒకరోజు ఫోన్ మోగుతుంది. కొరియర్ ఆఫీసు నుంచి అంటారు, ఆధార్ నెంబరు వాళ్ళే చెబుతారు, చిరునామా వాళ్ళే చెబుతారు, తర్వాత సీబీఐ అంటారు, డిజిటల్ అరెస్టు అంటారు. ఈ ఊళ్ళోనే ఒకావిడ అలా నెలల తరబడి కెమెరా ముందు కూర్చుని 187 బదిలీల్లో 32 కోట్ల దాకా పోగొట్టుకున్నారని 2025లో కేసు నమోదైంది. ఆవిడ అమాయకత్వం మీద జోకులు వేసిన మహానుభావులు మా ఆఫీసులోనూ ఉన్నారు. అవతలివాడికి మీ ఇంటి నెంబరు, ఆధార్ నెంబరు రెండూ తెలిసినప్పుడు మీరెంత తెలివిగా ఉంటారో ఒకసారి చూసుకోవాలి. పదిహేను పైసల పెట్టుబడి మీద అంత లాభం ఇచ్చే వ్యాపారం ఈ ఊళ్ళో ఇంకొకటి లేదు.

పోనీ మనిషికి విలువ కట్టడం బెంగళూరుకి చేతకాదా అంటే, చేతనవును. ఎలక్ట్రానిక్ సిటీ ఇన్ఫోసిస్‌కి అమెరికాలో మెక్‌కామిష్ అనే అనుబంధ సంస్థ ఉంది. బీమా కంపెనీలకు పని చేస్తుంది. 2023 నవంబరులో దాని మీద దాడి జరిగి సుమారు 65 లక్షల మంది అమెరికన్ల వివరాలు పోయాయి. వాళ్ళు మూకుమ్మడిగా దావాలు వేశారు. 2025 మార్చిలో, తప్పు ఒప్పుకోకుండానే, 1.75 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. భాగించండి. తలకి సుమారు 230 రూపాయలు. లాయర్ల వాటా పోతే ఎంత మిగులుతుందో మనకెందుకు, అంగట్లో రేటు తెలిసింది. ఒక అమెరికన్ ఖరీదులో 1,500 మంది బెంగళూరు ప్రిన్సిపల్స్ వస్తారు. అదైనా మనల్ని దొంగ అమ్ముకున్న ధర. పోగొట్టినవాడు చెల్లించే ధర ప్రకారమైతే ఎంతమంది వస్తారో చెప్పలేం, సున్నాతో భాగహారం కుదరదని ఆరో తరగతిలోనే చెప్పారు.

"అన్నా, నీది అయిపాయె" అన్నాడు కుర్రాడు.

నాలుగు పేజీలు, మీద ఈ-స్టాంపు. నేను ప్రిన్సిపల్‌ననే సంగతి గుర్తొచ్చి, "నా ఆధార్ ఫోటో ఇప్పుడే తీసెయ్యి నాయనా" అన్నాను. మాట్లాడకుండా తీసేశాడు, నా కళ్ళ ముందే. చట్టం అమలు కాకముందే చట్టాన్ని పాటించిన తొలి ధర్మకర్త అనుకుంటూ అగ్రిమెంటు తిరగేశాను. మొదటి పేజీలో నా పేరు, మా నాన్న పేరు. రెండో పేజీలో అడ్వాన్సు. మూడో పేజీలో అద్దెకు దిగినవారు అన్నచోట మరెవరిదో పేరు, సన్నాఫ్ మరెవరో, కింద వాళ్ళ పన్నెండు అంకెల ఆధార్ నెంబరు.

"ఇదెవరు?"

మెడ చాచి చూశాడు. "పోయిన్నెల ఒకన్న వచ్చినాడులే. ఆయన ఫైల్లోనే నీ పేరు కొడితిని. ఆడొకచోట మిగిలిపాయె." నా మొహం చూసి, "మార్చమంటావా? మళ్ళా ఇంకో స్టాంపు ఎయ్యాల. ఐదొందలైతాది" అన్నాడు.

ఓనరు ఆరింటికల్లా రమ్మన్నాడు, అప్పటికే ఐదుంపావు. మొదటి మూడు పేజీలూ ఎవరు చదువుతారులే అనుకుని నాలుగో పేజీలో సంతకం పెట్టాను.